గొంతున్న చోట గిటారు

అడాజన్, సూరత్
జూన్ 9

ప్రియమైన స్పందనా,

నాలుగుసార్లు బమ్రోలిలో మీ ఇంటికి వచ్చాను. నాలుగుసార్లూ మీ బాపు గుమ్మంలోనే నిలబడి "పండుకున్నదమ్మా, మల్ల రా" అన్నాడు. మొన్న మాత్రం పరదా కింద నీ పాదాలు కనిపించాయి. కోపం రాలేదు, నమ్ము. మార్చిలో థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పుడు గొంతు నరం దెబ్బతిందనీ, ఇక గుసగుసకు మించి మాట రాకపోవచ్చనీ నాకు చెప్పింది కూడా ఆయనే. ఆరేళ్ళపాటు మన బ్యాండు పాటలన్నీ రాసి, హాలు దద్దరిల్లేలా అరిచి పాడినదానివి. నీకెలా ఉందో నాకు తెలుసని అబద్ధం ఆడను.

ఒక కాలేజీ అమ్మాయి నీ చోట పాడతానని వచ్చింది. 'పన్నెండు గంటలు' పాట రెండు చరణాలు కాగానే నేనే ఆపేశాను. పాపం, బాగానే పాడింది. ఆ మాటలు మరొకరి నోట వినలేకపోయాను, అంతే.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

నీ తేజశ్రీ


బమ్రోలి
జూన్ 20

తేజూ,

తిట్టను. కానీ ఇంటికి రావద్దు. నువ్వు మాట్లాడతావు, నేను కాగితం మీద రాసి చూపించాలి. రాయడం పూర్తయ్యేదాకా నువ్వు నా వంక జాలిగా చూస్తుంటావు. అది నా వల్ల కాదు. ఉత్తరంలో ఎవరికీ గొంతుండదు, అందుకే ఇదే నయం.

ఇక్కడొక వింత జరుగుతోంది. బాపు ముప్పై ఏళ్ళు సాంచాల షెడ్డులోనే పనిచేశాడు కదా, ఆ మరమగ్గాల మోతకు చెవులు సగం పోయాయి. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారట. దారం తెగింది, చాయ్ తాగుదాం, సేటు వస్తున్నాడు, అన్నిటికీ సైగలున్నాయి. ఇప్పుడు అవన్నీ నాకు నేర్పుతున్నాడు. అన్నం ముందు కూర్చుని ఇద్దరం చేతులూపుకుంటుంటే "ఏందిది, ఇంట్ల కూడ సాంచాలు పెట్టిండ్రా?" అని అమ్మ నవ్వుతోంది. పుట్టిన దగ్గర్నుంచి నేను ఆయనతో ఇంతసేపు మాట్లాడిందే లేదు.

బ్యాండు సంగతి మాత్రం రాయకు.

స్పందన


అడాజన్
ఆగస్టు 25

నా స్పందూ,

బ్యాండు సంగతే రాస్తున్నాను. క్షమించు.

అలల మీద పలకలెక్కి జారేవాళ్ళ కోసం పుట్టిన గిటారు సంగీతం ఒకటుంది. సర్ఫ్ అంటారు. పాడేవాళ్ళుండరు. ఒకే తీగను పిక్‌తో గబగబా మీటుతూ పోతారు, ఆ శబ్దం నీళ్ళలో తడిసినట్టు దూరందాకా మోగుతుంది. మన డుమస్ బీచ్ బురదనీళ్ళలో పలకెక్కి ఎవడు జారతాడని కౌండిన్య ఒకటే నవ్వాడు. నవ్వుతూనే డ్రమ్ముల ముందు కూర్చున్నాడు.

మన పంక్ పాటలు ఐదింటిని అలా మార్చాను. మాటలు లేవు. నీ గొంతున్న చోట గిటారు ఉంది. మొదట చాలా చప్పగా వచ్చింది. పంక్‌లో నువ్వు ఒక్క స్వరం మీదే నిలబడి అరుస్తావు, అదే తీగ మీద వాయిస్తే ఏమీ లేదు. అప్పుడు మన పాత రిహార్సల్ రికార్డింగులు తీసి విన్నాను. ఎక్కడ నొక్కావు, ఎక్కడ శ్వాస తీశావు, అన్నీ రాసుకున్నాను. నువ్వు ఊపిరి తీసిన ప్రతిచోటా నేను పిక్ ఎత్తాను.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. డిసెంబరు పద్నాలుగున ఇక్కడొక కెఫేలో వాయించమని అడిగారు. నువ్వు ఊఁ అంటేనే.

నీ తేజ


బమ్రోలి
సెప్టెంబరు 8

తేజశ్రీ,

రెండు పాటలు విని ఆపేశాను.

'పన్నెండు గంటలు' షికారు పాటలా ఉంది. అది మా బాపు షిఫ్టు. మా వీధి మగవాళ్ళ నడుములు, చెవులు. ఆ మాటలు తీసేస్తే అందులో ఏం మిగిలిందని? ఐస్‌క్రీం తింటూ వినడానికి బాగుంటుంది.

నా గొంతు పోయింది. మాటలన్నా మిగిలాయనుకున్నాను. వాటిని నువ్వు తీసేశావు.

స్పందన


అడాజన్
నవంబరు 30

స్పందూ,

నీ ఉత్తరం వచ్చి రెండున్నర నెలలు దాటింది. జవాబు నాలుగుసార్లు రాసి చించేశాను. నువ్వన్నదాంట్లో నిజముంది. నేను హజీరా ఫ్యాక్టరీ ఇంజనీరు కూతుర్ని. మా ఇంట్లో ఎవరూ సాంచా ముందు నిలబడలేదు. నీ మాటలు నా పక్కన మోగుతున్నంతకాలం ఆ కోపం నాది కూడా అనుకున్నాను.

కెఫేవాళ్ళకు రావడం లేదని చెప్పేశాను. పాటలు నీవి. నీకు ఇష్టం లేకుండా వాటిని ఎక్కడా వాయించను. కౌండిన్య కూడా ఆదివారాలు రావడం మానేశాడు, ఏదో పని అంటాడు. విసిగిపోయినట్టున్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ ఆరేళ్ళు నాకిచ్చినందుకు నీకు రుణపడి ఉన్నాను. నువ్వు లేకపోతే నేను బిల్డింగు ఫంక్షన్లలో సినిమా పాటలు వాయించుకుంటూ ఉండిపోయేదాన్ని.

ఎప్పటికీ నీ
తేజ


బమ్రోలి
ఫిబ్రవరి 10

నా బంగారు తేజూ,

ముందు నన్ను క్షమించు. తర్వాత కౌండిన్యను కూడా క్షమించు. ఎందుకో చెబుతాను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం బాపు ఆ పెన్‌డ్రైవ్‌ను టీవీకి పెట్టాడు. సినిమా అనుకున్నాడట. నీ గిటారు మొదలైంది. ఆపుదామని లేచాను. ఆయన టీవీ బల్ల మీద అరచెయ్యి ఆనించి, నన్ను ఆగమని సైగ చేశాడు. పాట అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు.

"ఇది నువ్వు పాడుతుండె గదా బిడ్డా, పన్నెండు గంటలు?"

ఎలా తెలుసని సైగ చేశాను.

"ఉధ్నా హాల్ల మీ పాటల ప్రోగ్రాం అయితుంటె ఎనక నిలబడి ఇన్న. నీ మాటలైతే ఒక్కటి సమజ్ కాలే. అరుస్తున్నవని ఎరుకైంది గంతే. ఇప్పుడు ఇది మంచిగ ఇనొస్తుంది. ఈ దెబ్బ మన సాంచా దెబ్బనే."

తేజూ, ఎవరి కోసం ఆ పాట రాశానో ఆ మనిషికి నా మాట ఒక్కటీ చేరలేదు. నువ్వు మాటలు తీసేశాక చేరింది.

ఆ రోజు ఐదు పాటలూ కూర్చుని విన్నాను. సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి తెలిసింది. ఆరేళ్ళు నీ పక్కనే నిలబడి నేను నీ గిటారు ఎప్పుడూ వినలేదు. నా అరుపు నాకు చాలేది. నేను ఊపిరి తీసుకునే చోట్లు నాకే తెలియవు, నువ్వు అన్నీ రాసుకున్నావు. ఒక మనిషిని ఇంత శ్రద్ధగా వింటారా ఎవరైనా? దానికి జవాబుగా నేను నీకు ఐస్‌క్రీం మాట రాశాను.

అయితే వెంటనే క్షమాపణ రాస్తే సరిపోదనిపించింది. కౌండిన్యను ఒక బాస్ గిటారు తెచ్చివ్వమన్నాను. నాలుగే తీగలు కదా అనుకున్నాను, వేళ్ళు బొబ్బలెక్కాయి. అతని ఆదివారాలన్నీ మా ఇంట్లోనే అయ్యాయి. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నేను తాళం తప్పితే బాపు గోడ మీద కొట్టి సరిచేస్తున్నాడు. ఐదు పాటలూ వచ్చాయి, మూడోది ఇంకా తడబడుతోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుసగుస కాస్త గట్టిపడింది, పాట మాత్రం రాదన్నారు. విని ఏడవకుండా బయటికి వచ్చాను. నాకే ఆశ్చర్యం.

పదహారో తేదీ ఆదివారం పదింటికి నీ దగ్గరికి వస్తున్నాను. కెఫేవాళ్ళను మళ్ళీ అడిగి చూడు. మైకు ఉంటే తీసి లోపల పెట్టెయ్. నేను నీకు ఎడమపక్కన నిలబడతాను, నీ చెయ్యి కనిపించేలా. తప్పు వాయిస్తే మొహమాటపడకు. ఆపించి, మళ్ళీ మొదటి నుంచి వాయించమను.

నీ స్పందన