చెయ్యి విడిచినవాడు

కె.జి.ఎఫ్., గని కార్మికుల లైన్లు

పార్టీ తాలూకా అధ్యక్షులకు నమస్కారం.

నగరసభ ప్రెసిడెంటు పదవికి గంగులప్పని నిలబెట్టాలా, ఓబలప్పనా అని నన్నడిగారు. గనిలో బండ కూలి మా ఆయన చనిపోయిన రోజు, తానే ఆయన్ని పైకి మోసుకొచ్చానని గంగులప్ప ప్రతి సభలోనూ చెప్తాడు. ఆ రోజు అతను షిఫ్టుకే రాలేదు.

ఓబలప్ప ఆ రోజు గనిలోంచి పైకి తెచ్చే కేజు దిగి తిన్నగా మా ఇంటికొచ్చాడు. "అక్కా, అన్న చెయ్యి పట్టుకోనుంటిని. భయమేసి విడిచేసి పైకొచ్చేసినాను" అన్నాడు. ముప్పై ఏళ్లయింది. అతనితో నేను మళ్ళీ మాట్లాడలేదు.

ఓబలప్పనే నిలబెట్టండి. నిజం చెప్పడానికి అతనికి ఎవరి బలవంతమూ అక్కర్లేదు.

ఒక్కటే మనవి. గెలిచాక దండం పెట్టించడానికి అతన్ని మా గుమ్మం దగ్గరికి తీసుకురాకండి.

ఇట్లు,
మీ సోదరి