బాలింతకు పంపిన కోడి

చి॥ల॥సౌ॥ భవ్యకు మీ అత్తయ్య సుబ్బరావమ్మ మనసారా దీవించి రాయునది.

ఇక్కడ మనుషులమంతా క్షేమం. కోళ్ల సంగతి తర్వాత చెబుతాను. నువ్వూ చంటిదీ కులాసాగా ఉన్నారని ఆటో కోటేషు చెప్పాడు. ఆ ముక్క వాడి చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను. "పెద్దమ్మా, చూసొచ్చింది నేనా, ఇంకెవరైనానా?" అని విసుక్కున్నాడు.

నీ ఉత్తరం, మీవాళ్లు తిప్పి పంపిన కోడిపెట్ట, రెండూ వాడే తెచ్చాడు. ఈ జవాబూ వాడికే ఇస్తున్నాను. ఫోను చేయొచ్చుగా అనుకుంటావేమో. మీ ఇంట్లో ఫోను ఎవరు ఎత్తినా స్పీకరు పెడతారు. మీ పిన్ని వింటుంది, పక్కింటావిడా వింటుంది. ఇది ముందు నీ ఒక్కదానికే తెలియాలి.

కళ్లంలో మిరపకాయ ఎలా ఉందన్నావు. బాగానే ఎండుతోంది. మబ్బు పడితే చాలు, మీ ఆయన పట్టాలు పట్టుకుని పరిగెడుతున్నాడు. ఆ ఘాటుకు తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రగా చేసుకున్నాడు. అన్నానికి పిలిస్తే రాడు, నేనే మోసుకెళ్తున్నాను.

నా కోళ్లకు ఈకలు వచ్చాయా అనీ అడిగావు. నువ్వు కాన్పుకు వెళ్లేటప్పటికి మెడలే బోడి. తర్వాత వీపులూ తోక మొదళ్లూ కూడా ఊడిపోయాయి. రెక్క ఎత్తి చూస్తే పేలు కుప్పలు. గూటి చెక్క సందుల్లో నెత్తురు తాగిన ఎర్రటి పురుగులు. అలా పీల్చేస్తుంటే పాపం అవి గుడ్లేం పెడతాయి! గూటికి సున్నం కొట్టండి, గుంట తీసి బూడిదా వేపాకు పొడీ పోయండి, అవే పొర్లాడతాయి అని నువ్వు చెప్పే వెళ్లావు. ఆ పని ఇప్పుడు చేస్తున్నాను.

ఇక అసలు నువ్వడిగింది. "బాలింతకని కోడిని పంపి, తీరా కొయ్యబోతుంటే వద్దన్నారు. ఆడపిల్ల పుట్టిందని కోపమా అత్తయ్యా?" అని రాశావు. పిల్లను ఉయ్యాల్లో వేసే రోజు నన్ను పిలవాలో వద్దో తేల్చుకోలేకపోతున్నానన్నావు. అది చదవగానే పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ఆ కోడిని పోలేరమ్మకు మొక్కుకున్నానని ఫోన్లో చెప్పాను కదా. అబద్ధం. ఆ తల్లి పేరు పెట్టి అబద్ధమాడాను, నా నోరు పడిపోను!

జరిగింది చెబుతాను. బూడిదకు పేలు చస్తాయా అని నువ్వు చెప్పినప్పుడే నవ్వాను. పత్తికి చల్లగా మిగిలిన పొడి మందు కొట్టంలో ఉంది. మనకు పురుగు కనబడితే చెయ్యి మందు మీదికే పోతుంది కదమ్మా. పత్తికి పనిచేసింది కోడికి పనిచేయదా అనుకున్నాను. ఒక్కోదాన్నీ పట్టుకుని రెక్కల కింద దట్టించాను. మర్నాడు వాటిలో కాస్త ఒళ్లున్న పెట్టను ఏరి నీకు పంపాను. పేలు లేని శుభ్రమైన కోడి వెళుతోందని మురిసిపోయాను కూడా.

పొద్దువాలేసరికి నల్లపెట్ట నోట సొంగ కారుస్తూ తూలింది. మెడ వాల్చి కాళ్లు కొట్టుకుంది. దాని వెనకే ఇంకోటి. అప్పుడు వెలిగింది నా బుర్రకు. నువ్వూ, నీ పాలు తాగే పసిగుడ్డూ కళ్ల ముందు మెదిలారు. మీ ఇంటికి ఫోను చేస్తే ఎత్తరు. మళ్లీ చేస్తే ఎత్తరు. కోటేషుకు చేస్తే, "ఇందాకే ఇచ్చేశా పెద్దమ్మా, నేను వచ్చేటప్పుడే మసాలా నూరుతున్నారు" అన్నాడు. మళ్లీ మళ్లీ మీ ఇంటికే చేశాను.

ఆఖరికి మీ అమ్మ ఎత్తింది. "వదినగారూ, మా తమ్ముడు ఇప్పుడే కత్తి పట్టుకున్నాడండీ" అంది. వెనక అందరి నవ్వులూ వినబడుతున్నాయి. మందు పూసిన కోడిని పంపానని అంతమందిలో ఎలా చెప్పను? నోటికి మొక్కు వచ్చింది. దాన్ని తాకినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోండి అని కూడా అన్నాను. వాళ్లు తాకితే అంటన్నట్టు మాట్లాడానని మీ పిన్నికి ఒళ్లు మండింది. "ఆడపిల్లకు కోడి కూడా దండగే కాబోలు" అన్న మాట నాకూ వినబడింది. కోయకుండా ఆగారు, అంతే చాలనుకుని పెట్టేశాను.

ఆ రెండు పెట్టలూ పోయాయి. మిగతావాటిని పశువుల డాక్టరమ్మ చెప్పినట్టు సబ్బునీళ్లతో కడిగాను. ఆవిడ నన్ను దులిపేసింది, పడ్డాను. ఆవిడ సరేననే దాకా వాటి గుడ్డు గానీ మాంసం గానీ ముట్టం. మీ దగ్గర నుంచి వచ్చినది బతికే ఉంది, మెడ మీద కొత్త ఈకలు పొడుస్తున్నాయి.

ఇంకొక్కటి. ఇది రాయకపోయినా నీకు తెలియదు. అయినా రాస్తున్నాను. పిల్ల పుట్టిందని మీ ఆయన ఆసుపత్రి నుంచి ఫోను చేసినప్పుడు "ఆడపిల్లా" అని ఊరుకున్నాను. మగపిల్లాడనుకున్నాను, నిజమే. అందుకే మీ పిన్ని మాటకు గట్టిగా ఎదురు చెప్పలేకపోయాను. కానీ తల్లీ, మీరెవరూ ఫోను ఎత్తని ఆ కాసేపట్లో ఆడా మగా అన్నదే నాకు గుర్తు రాలేదు. నా పిల్ల, నా పిల్ల అని వాకిట్లో ఏడుస్తూ తిరిగాను.

పిలిచినా పిలవకపోయినా శుక్రవారం చీరాల మీ ఇంటికి వస్తాను. మందు సంగతి మీవాళ్లందరి ముందూ నేనే చెబుతాను. విని పొమ్మంటే పోతాను. పోయేముందు పిల్లను ఒక్కసారి నా ఒళ్లో పెట్టు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే, నీ కూతురి నాయనమ్మ
సుబ్బరావమ్మ