చిన్ని రుచి కోసం ఊరూరా

కరుణా,

నువ్వు ప్రభువు దగ్గరికెళ్లి నేటికి ఏడాది. నీకెంత మంచి కబురు తెచ్చానో!

కరోనా వచ్చి తగ్గాక మన చిన్నికి రుచీ వాసనా పోయాయి. ఎనిమిది నెలలు నేనేం వండినా మాట్లాడకుండా తినేది. నాకు భయమేసేది. ఈ వేసవిలో సరిహద్దులు తెరవగానే, ఊరికో వంట తినిపిస్తానని అల్లుడు బయల్దేరదీశాడు. నేను ఇక్కడ జర్మనీలో, డార్మ్‌స్టాట్‌ ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్నాను.

వాళ్లు ప్రాగ్‌లో ఉండగా అడిగాను, "ఏమన్నా తెలిసిందా అమ్మా?"

"అట్టముక్క నమిలినట్టుంది నాన్నా."

వియన్నాలోనూ అంతే. ఆ తర్వాత అడగడం మానేశాను.

నిన్న బుడాపెస్ట్ నుంచి అల్లుడు ఫోను చేశాడు. వెనక చిన్ని అరుస్తోంది.

"ఛీ, ఈ సూపులో ఉప్పు కుమ్మరించారండీ! వెనక్కిచ్చేయండి!"

"మావయ్యా, విన్నారా?" అన్నాడు అల్లుడు.

"ఇవ్వకు బాబూ, ఇంకో గిన్నె చెప్పు!" అన్నాను.