మూడు వందల బారల చోటు

నాన్నా,

అమ్మ తమ్ముడని కూడా చూడకుండా ఖున్‌సెంగ్ మామయ్యను బోటు మీంచి దింపేశావని అమ్మ రాయించింది. వేటకు వెళ్ళకూడని ఈ దయ్యాల నెల గడిచి బోటు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళేలోపు నీకు నిజం తెలియాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నీ పాదాలకు నా నమస్కారాలు. కీలుంగ్‌లో నేను బాగానే ఉన్నాను. వాన మాత్రం ఆగడం లేదు. అమ్మ పంపిన ఎండు రొయ్యలు గంజిలో వేసుకుంటున్నాను. నీ మోకాలు ఎలా ఉంది?

మన వలలో పడితే నేను కాలేజీకి తెచ్చుకున్న ఆ చేట లాంటి టేకు చేప సంగతి అడిగావు. ఇక్కడ మందునీళ్ళ తొట్టెలో భద్రంగా ఉంది. ఆరోజు నువ్వు, "దీనికిదేం ముక్కే, నానిన ముల్లంగిలా!" అని నవ్వావు. మామయ్య దాన్ని తిరగేసి మొప్పల చీలికలు లెక్కపెట్టి, "ఆరున్నాయి బావా! మిగతా టేకులకు ఐదేగా. నీ కూతురిలాగే దీనికీ అన్నీ ఒకటెక్కువ" అన్నాడు. మాస్టారు లెక్కపెట్టినా ఆరే వచ్చాయి. అడుగున చీకట్లో, ఆ ముక్కుతో బురద తడుముకుంటూ బతుకుతుందట.

వల లాగే మన చోటును బయటపెట్టింది మామయ్య కాక ఇంకెవరని అడిగావు. "తాగితే పాడతాను గానీ చోటు చెప్పను బావా" అని అతను మొత్తుకుంటే అందరూ నవ్వారట.

అతను చెప్పలేదు నాన్నా. నేను చెప్పాను.

"చేపను తీసుకుపో. చోటు మాత్రం ఇక్కడే వదిలెయ్" అని పంపావు. కానీ మాస్టారు, "ఎక్కడుంటుందో తెలియని చేప సగం చేపే" అన్నారు. తరగతంతా నావైపు చూసింది. తాత నీకు, నువ్వు నాకు చూపించిన గుర్తులన్నీ, తాబేలు దీవి తల ఏ కొండకు సూటిగా రావాలో, మూడు వందల బారల లోతు ఎక్కడ మొదలవుతుందో, నల్లబల్ల మీద గీసేశాను. చప్పట్లు కొట్టారు. ఆ పటం కాలేజీ పత్రికలో నా పేరుతోనే అచ్చయింది. నెల తిరక్కుండా నాలుగు బోట్లు అక్కడికి వచ్చాయి. మామయ్య మీద అనుమానమని తెలిశాక కూడా నీకు రెండు ఉత్తరాలు రాశాను. రెండింటిలోనూ వాన గురించే రాశాను.

మామయ్యను ఐసు దుకాణం ముందు పదిమందిలో తిట్టావట. ఈ ఉత్తరాన్ని అక్కడే, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అందరూ వినేటట్టు చదివించు. నా పేరు వచ్చినచోట గొంతు తగ్గించనివ్వకు. రమ్మంటే వచ్చి నిలబడతాను. మామయ్య బోటెక్కుతున్నాడో లేదో, ఆ ఒక్క ముక్క ఈ నెల ఇరవయ్యో తేదీలోగా రాయించు.

ఇట్లు,
నీ మాట దాచలేని కూతురు
లీహున్