దుప్పటి కప్పిన వీరుడు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను, మన చిన్నది, మీ అక్కయ్య బాగానే ఉన్నాం. అక్కడ మీరు కులాసాగా ఉన్నారని ఉత్తరం రాకముందే తెలిసింది. మీరు కథ రాసిన కంప్యూటర్ ఆట మొదలవగానే తెర మీద మీ పేరు పడింది. చిన్నది దాని మీద వేలు పెట్టి మరీ చూపించింది.

అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. వంటగది కప్పు కారడం ఆగింది. మీ అక్కయ్య నిచ్చెన పట్టుకుంటే నేనే ఎక్కి రేకు బిగించాను. చిన్నదానికి దగ్గు తగ్గింది. నా పని ఎప్పటిలాగే ఆసుపత్రి లాండ్రీలోనే. వేడి దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి వేళ్ళ కొసలు పొరలు లేస్తున్నాయి. మందు రాస్తున్నాను.

ఇక మీ ఆట సంగతి. ‘మూడో భాగంలో చివరి ఘట్టం నీకోసమే రాశాను, చూసి ఎలా ఉందో చెప్పు’ అన్నారు. చూశాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం, చిన్నది ఆడింది. థీసియస్ అనే ఆ గ్రీకు వీరుడి కథ పెళ్ళైన కొత్తలోనే మీరు నాకు చెప్పారు. ఎద్దు తల రాక్షసుణ్ణి చంపడానికి చిక్కుదారుల్లోకి వెళ్తుంటే, తిరిగి రావడానికి దారపు ఉండ ఇచ్చి అతన్ని బతికించింది అరియాడ్నె. అంత చేసినదాన్ని, ఒక దీవిలో నిద్రపోతుండగా వదిలేసి ఓడ ఎక్కాడు. పాత కథ అంతే.

మీ ఆటలో వాడు ఓడ దగ్గర ఆగుతాడు. ‘లేపు’, ‘వెళ్ళిపో’ అని రెండు మాటలు వస్తాయి. ఏది నొక్కాలో తేలక చిన్నది చూస్తూ కూర్చుంటే మీ అక్కయ్యకు ఓపిక పోయింది.

“లేపరా సన్నాసీ! మొద్దులా నిలబడ్డావేం? నిన్నే నమ్ముకుని వచ్చినదాన్ని వదిలేసి పోతావుట్రా?” అని అరిచింది.

అరిచి, నా వైపు చూసింది. “స్టవ్ మీద పాలు పెట్టానే” అంటూ లేచి వెళ్ళింది. స్టవ్ మీద ఏమీ లేదు.

చిన్నది ‘లేపు’ నొక్కింది. వాడు వెనక్కి వచ్చి, తన దుప్పటి ఆమెకు కప్పి, మెల్లగా లేపాడు. ఆమె కళ్ళు తెరిచి నవ్వింది. చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కింది.

లాండ్రీలో కూడా ఈ సంగతి పాకింది. మడతల పెద్దమ్మ అని ఒకావిడ ఉంది, దుప్పటికి రెండో కొస ఎప్పుడూ ఆవిడే పట్టుకుంటుంది. “ఆ ఆటల కంపెనీవాళ్ళకి మా ఆయన పేరు కూడా ఇవ్వవే. ఆటలోనైనా ఓసారి ఇంటికొస్తాడు” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఘట్టం బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కాని మీరు వెళ్ళిన పొద్దున నాకెవరూ దుప్పటి కప్పలేదు. ఇంట్లో ఉన్న ఒక్క మందపాటి దుప్పటీ చుట్టి మీ సంచిలో పెట్టుకుపోయారు. ఆ చలికాలమంతా చిన్నదాన్ని పొట్టకు కరుచుకుని పడుకున్నాను. దెప్పడానికి రాయడం లేదు. కాదు, దెప్పడానికే రాస్తున్నాను.

ఇంకొకటి. కళ్ళు తెరిచాక ఆమె ఒక్క మాటైనా అడగదేం? నన్ను వదిలేసి ఎక్కడికి బయల్దేరావు, మళ్ళీ ఎందుకొచ్చావు, ఏదీ అడగదు. మాటలు రాసేది మీరేగా. వాడి తప్పు మీరే రాశారు, ఆమె క్షమించడమూ మీరే రాసుకున్నారు. నా వంతుకు ఏం మిగిల్చారు?

‘నిద్రపోతుంటే లేపడానికి మనసొప్పలేదు’ అని ప్రతి ఉత్తరంలో రాస్తారు. ఇప్పుడు ఆమెను ఓడ ఎక్కించేటప్పుడు థీసియస్ చేత కూడా అదే మాట అనిపించారు. ఇన్నాళ్ళూ నేను దానికి జవాబివ్వలేదు.

ఆ పొద్దున నేను నిద్రపోలేదు. మీ చొక్కా పట్టుకున్న చిన్నదాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీయడం చూశాను. చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం చూశాను. గుమ్మంలో ఆగి మీరు వెనక్కి తిరిగినప్పుడు కళ్ళు మూసుకున్నాను. పిలిస్తే ఆగేవారే. ఆగి, ఈ రాత పనికి పోకుండా ఊళ్ళో ఆ పాత అచ్చాఫీసులోనే పనిచేస్తూ, నా వల్లే ఎందుకూ కాకుండా పోయానన్నట్టు బతుకంతా నన్ను చూసేవారు. ఆ చూపు నాకొద్దనిపించింది. మీ అంతట మీరే ఒక మాట చెబుతారేమోనని, బయట చెప్పులు తొడుక్కున్న చప్పుడు దాకా ఎదురుచూశాను.

నిద్రపోయాననే అనుకోండి. ముందురోజంతా మెలకువగానే ఉన్నాను కదా. అన్నం వడ్డించాను, మీ చొక్కాకు గుండీ కుట్టాను. అప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది. దానికి దయ అని పేరు పెట్టి వీరుడి నోట పలికించారు.

‘సెలవుల్లో వస్తాను, తలుపు తీస్తావా’ అని అడిగారు. రండి. మీ అక్కయ్య తీస్తుంది. మిమ్మల్ని అడగాలని చిన్నది చాలా దాచుకుంది, కూర్చుని ఓపిగ్గా చెప్పండి. భోంచేసి సాయంత్రం బస్సుకు బయల్దేరండి. వెళ్తున్నానని దాని మొహం చూసి చెప్పి వెళ్ళండి, ఏడ్చినా సరే. నేను ఆ రోజు లాండ్రీలో రెండు షిఫ్టులూ చేస్తాను.

ఇట్లు,
చిన్నదాని తల్లి