నోటికి తాళం, తోటలో పాఠం

సోమవారం, ఉదయం 8.10
నిర్ణయం తీసేసుకున్నాను! పది రోజులపాటు ఏడో తరగతికి పర్యావరణం పాఠం నేను చెప్పను. బడి తోటమాలి పెద్దమ్మ చెబుతుంది. మా పిల్లలు ‘జీవావరణం’ నిర్వచనం నిద్రలో లేపినా అప్పజెబుతారు. చీమకీ చెదపురుగుకీ తేడా మాత్రం తెలియదు. నా పని: వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చోవడం. ఈ మాట విని మా ఆవిడ పొలమారేదాకా నవ్వింది. నవ్వనీ!

మంగళవారం, 4.00
మాట్లాడిన మాటలు: సున్నా. (దగ్గు: రెండుసార్లు. దగ్గు మాట కాదు.)
చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కుతున్నాయి. పెద్దమ్మ చూపించింది. “వానొస్తుందర్రా, ఆరేసినవి తీసేయండి.” మూడింటికల్లా కురిసింది! పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. నేను కూడా, చప్పుడు లేకుండా.

బుధవారం
ఒకే ఒక్క చిన్న సవరణ చేశాను. పదిహేడు నిమిషాలు. దాన్ని మాట్లాడటం అనరు.

గురువారం
చీమల మీద నలభై రెండు స్లైడ్లు. మాట్లాడింది తెర. (తెర పక్కన నేను.)
“చీమలు బయటే ఉన్నాయి కదా సారూ?” అంది పెద్దమ్మ. తర్వాతి స్లైడు నొక్కాను.

శుక్రవారం, 11.30
పిల్లలు తలా ఒక మొక్క తెచ్చారు. పెద్దమ్మ చోటు చూపించబోతుంటే నేను ముందుకు దూకాను. తూర్పు మూల, చదునుగా, ఖాళీగా ఉంది.
“అక్కడొద్దు సారూ. ఆ తుంగ చూడండి. అది మొలిచిన చోట నీళ్లు నిలుస్తాయి.”
“వారం దాకా వాన లేదని ఫోన్లో ఉంది పెద్దమ్మా. ఇది సైన్సు, మీకు తెలీదు.”
పిల్లల ముందే అన్నాను. ఆమె పార గోడకి ఆనించి వెళ్లిపోయింది. మొక్కలన్నీ ఆ మూలే నాటించాను.

శనివారం, 7.40
తెల్లారేసరికి కుండపోత. మూల మడుగైంది. ముప్పై ఒక్క మొక్కలూ నీటిపాలయ్యాయి. తన మొక్క కోసం ఒక పాప వెక్కివెక్కి ఏడుస్తోంది. పిక్కల దాకా నీళ్లలో పెద్దమ్మ ఒక్కతే వాటిని ఏరుతోంది.
క్షమాపణ మొదలుపెట్టాను. అదీ ఉపన్యాసమైపోయింది. మూడో పాయింటు దగ్గర ఆమె ఆపింది.
“అవన్నీ తర్వాత. ముందు చెప్పులు విప్పి దిగండి.”
దిగాను. ఇరవై ఆరు దొరికాయి, గట్టు మీద నాటాం. పాప మొక్కా దొరికింది.

సోమవారం, 9.30
నియమం మళ్లీ మొదలు. మొదటి రోజు.
పిల్లలు వెళ్లి పిలిస్తే పెద్దమ్మ వచ్చింది. షరతు: నేనూ వాళ్లతోపాటు నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాను. గుప్పెడు మట్టి నా చేతిలో పోసింది.
“ఇందులో ఏం బాగా పండుతుందో చెప్పండి సారూ.”
నోరు తెరిచాను. తరగతంతా ఊపిరి బిగబట్టింది.
“తెలీదు,” అన్నాను.
పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నేను చెప్పిన అతి చిన్న పాఠం. పిల్లలు ఒక్కరూ ఆవలించలేదు.