నడింట్లో మైకు

రత్నమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. మంగళవారం ప్రార్థన ఇంకా నేరేడుచర్లలో మన ఇంట్లోనే జరుపుతున్నాను. కానీ ఆమెన్ అనగానే అందరూ చెప్పులు వెతుక్కుంటున్నారు. నీ రోజుల్లో తరిమినా కదిలేవారు కాదు. ఇల్లు కళ తప్పిందనుకుని మిర్యాలగూడ వెళ్లి పూల కర్టెన్లు తెచ్చాను. గోడల నిండా వాక్యాల క్యాలెండర్లు తగిలించాను. అయినా ఒక్కరూ ఆగలేదు.

పోయిన వారం మీ చెల్లెలు సుగుణను గుమ్మంలోనే ఆపాను. "ఒకరితో ఒకరు కలిసి ఉండమని వాక్యం చెప్పలేదా? ఎందుకు పారిపోతున్నారు?" అని గర్జించాను.

"జర మైకు పక్కకు పెట్టి మాట్లాడు బావా," అంది. "ఎనిమిది మందికి మైకెందుకు? చాయ్ తాగుతరా అని సుత మైకులనే అడుగుతవ్. కుర్చీలన్నీ నీ దిక్కే తిప్పినవ్. గిది ఇల్లా, సభనా? అక్క సాపేసి కూసోబెట్టేది. ఒకల మొకం ఒకలం సూసుకునేటోళ్లం."

ఇవాళ కుర్చీలు తీసేసి చాప పరిచాను. మైకు బీరువాలో పెట్టి తాళం సుగుణకిచ్చాను. గంట దాటినా ఎవరూ లేవలేదు. నా ప్రసంగం మాత్రం సగంలో ఆగిపోయింది. నీ పప్పుచారులో ఉప్పు ఎక్కువ ఉండేదా, సరిపోయేదా అని వాళ్లు తగువుపడ్డారు. వాక్యం తీసి తీర్పు చెప్పబోతే, "నువ్వూకో బావా," అంది సుగుణ.

ఊరుకున్నాను. ఊరూరా సత్యం ప్రకటించినవాణ్ని, నీకు ఈ ఒక్క సత్యం చెప్పలేకపోయాను. ఉప్పు ఎక్కువే వేసేదానివి. రెండోసారి వడ్డించమన్నది మాత్రం మొహమాటానికి కాదు.